నిజం రాసినవాడికి ఏమవుతుంది?

అమెరికా ప్రభుత్వ రహస్యాలతో పనిపడే ఉద్యోగం ఎవరికి వచ్చినా ముందుగా చేతికందేది ఎస్‌ఎఫ్-86 అనే ఫారం. వంద పేజీలు దాటిన ఆ ఫారం ఎక్కడెక్కడ కాపురం ఉన్నారు, ఎవరి దగ్గర పనిచేశారు, అప్పులెన్ని, పరాయి దేశాల్లో చుట్టాలెవరు అని అడుగుతూ పోయి 23వ భాగం దగ్గర డ్రగ్స్ సంగతి ఎత్తుతుంది. గడిచిన ఏడేళ్లలో ఏదైనా వాడారా? ఏది? మొదటిసారి ఏ నెల, ఏ సంవత్సరం? చివరిసారి ఎప్పుడు? ఎన్నిసార్లు? ఇకముందు వాడే ఉద్దేశం ఉందా? ఉంటే ఎందుకు, లేకుంటే ఎందుకు? కొన్నారా, అమ్మారా, పెంచారా? కొన్ని ప్రశ్నలకు ఏడేళ్ల హద్దు కూడా లేదు. రహస్యాలు చూసేందుకు ప్రభుత్వమిచ్చే అనుమతి, అంటే సెక్యూరిటీ క్లియరెన్స్, చేతిలో ఉండగా ఎప్పుడైనా వాడారా అన్నదానికి జీవితం మొత్తానికీ జవాబు చెప్పాలి. చివర సంతకం. తెలిసి అబద్ధం రాస్తే ఫెడరల్ చట్టం ప్రకారం ఐదేళ్ల దాకా జైలు.

ఇరవై నాలుగేళ్ల ఇంజనీరు ఈ పేజీ ముందు కూర్చుంటే మనసులో మెదిలేవి రెండే ప్రశ్నలు. కాలేజీలో గంజాయి తాగిన మాట రాస్తే ఉద్యోగం పోతుందా? రాయకపోతే ఎవరికైనా తెలుస్తుందా? మొదటిదానికి జవాబు చాలామంది భయపడేంత ఘోరంగా లేదు. రెండో ప్రశ్న వేసుకున్నవాళ్లే ఎక్కువగా దెబ్బతింటున్నారు.

తెలుగువాళ్లకు అమెరికా సెక్యూరిటీ క్లియరెన్స్ ప్రస్తావన దేనికని అనిపించవచ్చు. ఉద్యోగమిచ్చే ప్రభుత్వం మనిషి గతాన్ని ఎంతవరకు తవ్వవచ్చు, తవ్వి తీసినదాన్ని ఎలా తూచాలి అన్నది సర్వీసు న్యాయంలో పాత ప్రశ్నే. ఉత్తర వర్జీనియాలో, మేరీలాండ్‌లో, టెక్సస్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు రక్షణ శాఖ కాంట్రాక్టు కంపెనీల్లో చేరుతున్న కొద్దీ ఆ ప్రశ్న తెలుగు ఇళ్లలోకీ వచ్చింది.

క్లియరెన్స్ హక్కు కాదు. అమెరికా సుప్రీంకోర్టు 1988లో థామస్ ఈగన్ కేసులో ఈ మాట తేల్చి చెప్పింది. ఈగన్ వాషింగ్టన్ రాష్ట్రంలోని బ్రెమర్టన్‌లో అణు జలాంతర్గాముల మరమ్మతు కేంద్రంలో కార్మికుడు. పాత నేరశిక్షలు, వాటిలో కొన్నిటిని దరఖాస్తులో చెప్పకపోవడం, ఒకప్పటి తాగుడు కారణాలుగా చూపి నౌకాదళం అతనికి క్లియరెన్స్ ఇవ్వలేదు, ఆపైన ఉద్యోగమూ తీసేసింది. ఆ నిరాకరణ సబబా కాదా అని తేల్చే అధికారం ఉద్యోగుల అప్పీళ్ల బోర్డుకు లేదని కోర్టు చెప్పింది. అనుమానం మిగిలితే అది దేశ భద్రత వైపే మొగ్గాలి.

హక్కు కాకపోయినా, వినకుండా వేటు వేయకూడదన్న సూత్రం అంతకు ముందే వచ్చింది. విలియం గ్రీన్ అనే విమాన ఇంజనీరు ఒక కంపెనీలో వైస్ ప్రెసిడెంట్ స్థాయికి ఎదిగాక, కమ్యూనిస్టులతో పరిచయాలున్నాయన్న ఆరోపణతో 1953లో క్లియరెన్స్ పోగొట్టుకున్నాడు. ఆయన మీద సాక్ష్యం చెప్పింది ఎవరో ఆయనకు చూపించలేదు. 1959లో సుప్రీంకోర్టు ఆ పద్ధతిని తప్పుపట్టింది. మరుసటి ఏడాది అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ కొత్త ఉత్తర్వు ఇచ్చాడు. కాంట్రాక్టు ఉద్యోగికి ఇవాళ రాతపూర్వకంగా కారణాలు తెలపడం, జవాబుకు గడువు ఇవ్వడం, న్యాయమూర్తి ముందు విచారణ కోరే వీలు కల్పించడం అక్కణ్నుంచి వచ్చినవే. గంజాయి కేసులో నిలబడే ఇరవై నాలుగేళ్ల కుర్రవాడు తెలియకుండానే విలియం గ్రీన్‌కు రుణపడి ఉన్నాడు.

ఇప్పుడు అమల్లో ఉన్న కొలబద్దలు 2017 జూన్ 8న వచ్చాయి. మొత్తం పదమూడు. విధేయత, విదేశీ ప్రభావం, అప్పులు, తాగుడు, నేరప్రవర్తన ఇలా ఒక్కోదానికి ఒక్కో అక్షరం. డ్రగ్స్‌ది ‘హెచ్’. మనిషి నిజాయతీని తూచేది ‘ఇ’. ఈ రెండక్షరాల మధ్య తేడా తెలిస్తే విషయం సగం తెలిసినట్టే.

‘హెచ్’ కింద ఆందోళన దేనికో మార్గదర్శకాల్లోనే ఉంది. మత్తులో మనిషి వివేకం తప్పవచ్చన్నది ఒకటి. చట్టం వద్దన్నది చేసినవాడు రహస్యాల నియమాలను మాత్రం పాటిస్తాడన్న నమ్మకం ఏమిటన్నది రెండోది. అక్కడితో ఆగితే దారి మూసుకుపోయినట్టే. కానీ అదే పేజీలో దోషం తగ్గించే అంశాలూ ఉన్నాయి. వాడకం ఎప్పుడో జరిగిందా? అరుదుగా జరిగిందా? మళ్లీ జరిగే పరిస్థితులు లేవా? ఆ స్నేహబృందం నుంచి దూరంగా జరిగాడా? ఇకముందు ముట్టుకోను, ముట్టుకుంటే క్లియరెన్స్ తీసేయండి అని సంతకం చేసి ఇచ్చాడా? డాక్టరు చెప్పిన చికిత్స పూర్తిచేశాడా? వీటన్నిటి మీదా మనిషి మొత్తాన్ని చూడాలన్న నియమం ఒకటుంది. అప్పటి వయసు, అప్పటి పరిపక్వత, తనంతట తాను చేశాడా, ఆ తర్వాత మారాడా అని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఎన్నాళ్లు మానేస్తే చాలు? అందరూ అడిగేది ఇదే. దీనికి అంకె లేదు. రక్షణ శాఖ కాంట్రాక్టర్ల కేసులు వినే డిఫెన్స్ ఆఫీస్ ఆఫ్ హియరింగ్స్ అండ్ అప్పీల్స్‌ను అక్కడి వకీళ్లు ‘డోహా’ అంటారు. పేర్లు తీసేసి, నంబర్లతో మాత్రమే, అది తన తీర్పులను బయటపెడుతుంది. న్యాయశాస్త్రం చదవనివాళ్లకు కూడా ఆ తీర్పులు మనుషుల కథల్లాగే ఉంటాయి. ఒకరికి ఏడాది సరిపోతుంది, మరొకరికి మూడేళ్లు కూడా చాలవు. విద్యార్థిగా అప్పుడప్పుడు తాగి, ఉద్యోగం రాగానే మానేసి, ఫారంలో తానే రాసినవాడి సంగతి వేరు. క్లియరెన్స్ వచ్చాక కూడా వారాంతాల్లో కొనసాగించి, రాష్ట్రంలో చట్టబద్ధమే కదా అన్నవాడి సంగతి వేరు. రెండోవాడు తాగిన గంజాయి తక్కువే కావచ్చు. సంతకం పెట్టి ఇచ్చిన మాట తప్పాడన్నది పెద్ద లోపం. 2008లో చేసిన చట్ట సవరణ ప్రకారం, ప్రస్తుతం చట్టవిరుద్ధంగా వాడుతున్నవారికీ వ్యసనపరులకూ క్లియరెన్స్ ఇవ్వడానికే వీల్లేదు.

ఇక ‘ఇ’. ఫారంలో ‘లేదు’ అని రాసి, ఆ తర్వాత పాలీగ్రాఫ్ గదిలోనో, దర్యాప్తు అధికారి పాత రూమ్మేటుతో మాట్లాడినప్పుడో, మరో ఏజెన్సీ ఫారంలో ‘అవును’ అని రాసినప్పుడో నిజం బయటపడితే, కేసు గంజాయిది కాకుండా పోతుంది. గంజాయికి కాలం మందు. పదేళ్లు పోతే దాన్ని పట్టించుకునేవాళ్లుండరు. అబద్ధానికి అంత తేలికగా కాలం తీరదు. రహస్యం కాపాడే మనిషి తన మీద తాను ఫిర్యాదు చేసుకోవాల్సి వచ్చినా చేస్తాడన్న భరోసా మీదే ఈ వ్యవస్థ నిలబడింది. ఆ భరోసా పరీక్షకు వచ్చేది 23వ భాగంలోనే. తప్పు రాశానని అధికారి నిలదీయక ముందే తనంతట తాను దిద్దుకున్నవారికి కొంత మినహాయింపు ఉంది. నిలదీశాక ఒప్పుకుంటే అది పనిచేయదు.

ఈ భయాలు ఊరికే పుట్టలేదు. క్రిస్టఫర్ బాయిస్ 1974లో ఇరవై ఒక్క ఏళ్ల వయసులో కాలిఫోర్నియాలోని రెడోండో బీచ్‌లో టీఆర్‌డబ్ల్యూ కంపెనీ గుమాస్తాగా చేరాడు. తండ్రి మాజీ ఎఫ్‌బీఐ అధికారి. కొన్నాళ్లకే నిఘా ఉపగ్రహాల సందేశాలు వచ్చిపోయే గదిలో పని అప్పగించారు. చిన్ననాటి స్నేహితుడు ఆండ్రూ డాల్టన్ లీ కొకైన్, గంజాయి అమ్మేవాడు. బాయిస్ పత్రాలు బయటికి తెచ్చేవాడు, లీ వాటిని మెక్సికో నగరంలోని సోవియట్ ఎంబసీకి చేర్చి డబ్బు తెచ్చేవాడు. 1977 జనవరిలో ఎంబసీ బయట మెక్సికో పోలీసులు లీని పట్టుకున్నారు. కొద్ది రోజులకే బాయిస్ దొరికాడు. బాయిస్‌కు నలభై ఏళ్లు, లీకి యావజ్జీవం. తర్వాత 1985లో సెనేట్ ఉపసంఘం ముందు బాయిస్ చెప్పినదాంట్లో ముఖ్యమైన మాట ఒకటుంది: తనకు క్లియరెన్స్ ఇచ్చేముందు దర్యాప్తు అధికారులు తన ఈడు స్నేహితులను అడగనేలేదు. ఒక్కరిని అడిగి ఉన్నా తన జీవితం ఎలా గడుస్తోందో తెలిసిపోయేది.

ఈ కథను తలకిందులుగా చదివే ప్రమాదమూ ఉంది. గంజాయి తాగిన ప్రతివాడూ బాయిస్ కాడు. ఇరవై ఏళ్లకు పైగా మాస్కోకు రహస్యాలమ్మి 2001 ఫిబ్రవరిలో దొరికిన ఎఫ్‌బీఐ అధికారి రాబర్ట్ హాన్సెన్ క్రమం తప్పకుండా చర్చికి వెళ్లే గృహస్థు. అలాంటి మనిషిని 23వ భాగం ఏ రకంగానూ పట్టుకోలేదు. మనిషిని అంచనా వేయడానికి డ్రగ్స్ ప్రశ్న ఒక దారి మాత్రమే. అంతకు మించిన బరువు దాని మీద పెడితే మంచివాళ్లు బయట ఉండిపోతారు.

అమెరికా ప్రభుత్వం ఈ సంగతిని ఆలస్యంగానైనా ఒప్పుకుంటోంది. 2014లో ఎఫ్‌బీఐ డైరెక్టర్ జేమ్స్ కోమీ సైబర్ నేరాలను ఎదుర్కొనే నిపుణులు కావాలంటే గంజాయి తాగే కుర్రాళ్ల విషయం ఆలోచించక తప్పదన్నట్టు మాట్లాడి, ఒక సెనేటర్ చేత చీవాట్లు తిన్నాడు. 2021లో అదే ఎఫ్‌బీఐ దరఖాస్తుకు ముందు గంజాయికి దూరంగా ఉండాల్సిన కాలాన్ని మూడేళ్ల నుంచి ఏడాదికి తగ్గించింది. ఆ ఏడాది డిసెంబరు 21న నేషనల్ ఇంటెలిజెన్స్ డైరెక్టర్ అవ్రిల్ హేన్స్ అన్ని ఏజెన్సీలకూ మెమో పంపారు. గతంలో సరదాకు గంజాయి వాడటం పరిశీలించదగ్గ విషయమే, కానీ అదొక్కటే నిర్ణయానికి ఆధారం కాకూడదు. ఫారం మీద సంతకం పెట్టిన రోజు నుంచి మాత్రం మానుకోవాలి. 2023లో ఆమోదం పొందిన కొత్త ప్రశ్నావళి గంజాయిని మిగతా డ్రగ్స్ నుంచి విడదీసి అడుగుతుంది.

అయినా మెలిక అలాగే ఉంది. కాలిఫోర్నియా 1996లో వైద్యానికి, కొలరాడో, వాషింగ్టన్ 2012లో సరదాకు గంజాయిని అనుమతించాయి. ఇప్పుడు అలాంటి రాష్ట్రాలు ఇరవై దాటాయి. ఫెడరల్ చట్టమేమో 1970లో దాన్ని హెరాయిన్‌తో కలిపి మొదటి షెడ్యూలులో పెట్టింది. 2024 మేలో న్యాయశాఖ దాన్ని మూడో షెడ్యూలుకు మార్చాలని ప్రతిపాదించింది. మారినా డాక్టరు చీటీ లేకుండా వాడటం ఫెడరల్ చట్టం కింద నేరంగానే ఉంటుంది. డెన్వర్‌లో దీపాలు వెలిగే దుకాణంలో బిల్లుతో సహా కొన్నది, క్లియరెన్స్ ఫారంలో నేరంగా రాసుకోవాలి.

ఈ మెలిక అందరికీ ఒకేలా తగలదు. 2018 సెప్టెంబరులో ఎలాన్ మస్క్ కాలిఫోర్నియాలో ఒక పాడ్‌కాస్ట్‌లో కూర్చుని అందరూ చూస్తుండగా గంజాయి దమ్ము లాగాడు. నాసా స్పేస్‌ఎక్స్‌లోనూ బోయింగ్‌లోనూ భద్రతా పద్ధతులపై సమీక్ష జరిపించింది. ఏడాది పాటు తనకూ ఉద్యోగులకూ ముందు చెప్పకుండా డ్రగ్ పరీక్షలు జరిగాయని మస్క్ తర్వాత చెప్పాడు. ఒక దమ్ము యజమాని లాగితే పరీక్షలు రాత్రి షిఫ్టు వెల్డర్ దాకా వెళ్లాయి. మస్క్ స్థానం కదల్లేదు. 2021 మార్చిలో వైట్‌హౌస్‌లో కొత్తగా చేరిన ఐదుగురు గంజాయి వ్యవహారంలో ఉద్యోగాలు పోగొట్టుకున్నారు, వాళ్లలో కొందరి విషయంలో వేరే భద్రతా కారణాలూ ఉన్నాయని ప్రభుత్వం చెప్పింది. పదవిలో ఉన్న అధ్యక్షుడికి అసలు క్లియరెన్సే అక్కర్లేదు. బరాక్ ఒబామా యవ్వనంలో గంజాయి, కొకైన్ వాడిన సంగతి 1995లోనే తన పుస్తకంలో రాసుకున్నాడు, ఓటర్లు క్షమించారు. ఆ క్షమ చిన్న ఉద్యోగికి కూడా అందాలని కోరడం అన్యాయం కాదు.

తెలుగు ఇళ్లకు వస్తే ఇంకో మూడు సంగతులు చెప్పుకోవాలి.

పరీక్షల ముందు స్నేహితుడి దగ్గర ఏకాగ్రత కోసం డాక్టర్లు రాసే ఆడరాల్ మాత్ర ఒకటి తీసుకుని రాత్రంతా చదివిన విద్యార్థికి తాను డ్రగ్స్ వాడానన్న ఊహే రాదు. పక్కింటివాళ్ల మాత్ర మనం వేసుకోవడం, చీటీ లేకుండా మందులషాపులో నిద్రమాత్ర కొనడం మనకు అలవాటైన పని. ఎస్‌ఎఫ్-86 మాత్రం ఇంకొకరికి రాసిన మందు వాడటాన్ని కూడా దుర్వినియోగం కిందే అడుగుతుంది. ఇది తెలియక ‘లేదు’ రాసి, ఆ తర్వాత ఇంటర్వ్యూలో నోరు జారి ఇబ్బందిపడటానికి ఎంతో సమయం పట్టదు.

రెండోది అమ్మానాన్నలు. గంజాయి తాగిన సంగతి ఇంట్లో తెలుసా అని దర్యాప్తు అధికారి అడిగితే అది కుటుంబ విషయాల్లో తలదూర్చడం కాదు. ఇంట్లో తెలిస్తే పరువు పోతుందని వణికే మనిషిని ఆ భయంతోనే లొంగదీసుకోవచ్చన్నది మార్గదర్శకాల్లో ఉన్న ఆందోళన. తెలుగు కుర్రవాడికి న్యాయమూర్తి ముందు ఒప్పుకోవడం కంటే నాన్న ముందు ఒప్పుకోవడం కష్టం. “ఆ మాట ఎక్కడా రాయకురా” అని ప్రేమతో చెప్పే తల్లిదండ్రులు బిడ్డకు తెలియకుండానే హాని చేస్తున్నారు. ఇంట్లో అందరికీ తెలిసిన గతం ఎవరి చేతిలోనూ ఆయుధం కాదు.

మూడోది అన్నిటికంటే క్రూరమైనది. క్లియరెన్స్ సాధారణంగా పౌరులకే. పౌరసత్వం రాకముందు హెచ్-1బీ మీదో గ్రీన్‌కార్డు మీదో ఉన్నవాళ్లకు నిజం చెప్పే దారి కూడా సురక్షితం కాదు. శిక్ష పడకపోయినా, గంజాయి వాడానని ఇమిగ్రేషన్ అధికారి ముందు ఒప్పుకుంటే అది వాళ్లకు వ్యతిరేకంగా నిలవగలదు. రాష్ట్ర చట్టం అనుమతించిన చోట వాడినా పౌరసత్వానికి కావాల్సిన సత్ప్రవర్తన లేదనవచ్చని 2019 ఏప్రిల్‌లో ఇమిగ్రేషన్ శాఖ స్పష్టం చేసింది. అంటే సియాటిల్‌లో పుట్టినవాడికీ, సియాటిల్‌కు వలస వచ్చినవాడికీ ఒకే దుకాణంలో కొన్న ఒకే వస్తువుకు రెండు శిక్షలు. ఇలాంటివాళ్లు ఏ ఫారంలో ఏం రాయాలన్నది ఇమిగ్రేషన్ వకీలును అడగకుండా తేల్చుకోకూడదు. అబద్ధం రాయడం మాత్రం ఇక్కడా మందు కాదు, అది పౌరసత్వం వచ్చాక కూడా వెంటాడుతుంది.

ఉద్యోగి గతాన్ని తూచే ఈ దారిలో మన భారత సుప్రీంకోర్టు కూడా కొంత దూరం నడిచింది. ఢిల్లీ పోలీసు శాఖలో హెడ్ కానిస్టేబుల్ పోస్టుకు దరఖాస్తు చేసిన సందీప్ కుమార్ తన మీద రాజీ అయిపోయిన కేసు సంగతి దాచాడని ఉద్యోగం నిరాకరిస్తే, 2011లో జస్టిస్ మార్కండేయ కట్జు, జస్టిస్ జ్ఞానసుధా మిశ్రా అతని పక్షాన తీర్పు చెప్పారు. కుర్రతనంలో చేసిన తప్పు మనిషిని జీవితాంతం వెంటాడకూడదన్నది వాళ్ల ఆలోచన. 2016లో అవతార్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని ఇంకాస్త క్రమంలో పెట్టింది. దాచిన విషయం చిన్నదా పెద్దదా, ఉద్యోగం ఎలాంటిది అని చూడాలి, దాచాడన్న ఒక్క కారణంతో గుడ్డిగా తీసేయకూడదు. అమెరికా పద్ధతి తప్పును క్షమించి దాపరికాన్ని శిక్షిస్తే, మన కోర్టు కొన్ని సందర్భాల్లో దాపరికాన్ని కూడా అర్థం చేసుకుంది. పోలీసు వెరిఫికేషన్ ఫారం చూసి భయపడే పల్లెటూరి కుర్రవాడి పరిస్థితి తెలిసిన కోర్టు అలా అనగలిగింది.

నిజం రాయమని అడిగే ప్రభుత్వానికి ఒక బాధ్యత ఉంది. 23వ భాగంలో నిజాయతీగా ఇచ్చిన జవాబులను క్రిమినల్ కేసులో సాక్ష్యంగా వాడబోమని ఆ ఫారమే మాట ఇస్తుంది. ఆ మాట చాలామంది నమ్మారు. ఆ ఫారాలను దాచిన ఆఫీస్ ఆఫ్ పర్సనెల్ మేనేజ్‌మెంట్ కంప్యూటర్లలోకి హ్యాకర్లు చొరబడి 2 కోట్ల 15 లక్షల మంది నేపథ్య వివరాలు, 56 లక్షల మంది వేలిముద్రలు ఎత్తుకుపోయారని 2015లో బయటపడింది. అనుమానం చైనా మీదికి వెళ్లింది. సంస్థ డైరెక్టర్ ఆ జులైలో రాజీనామా చేశారు. తన ఫారం కూడా పోయిందని స్వయంగా కోమీ చెప్పుకున్నాడు. అప్పులు, వైద్యుల పేర్లు, కాలేజీ రోజుల తప్పులు, భార్యకు కూడా చెప్పని మాటలు ప్రభుత్వాన్ని నమ్మి రాసినవాళ్ల బతుకులవి. బ్లాక్‌మెయిల్‌కు లొంగకూడదని రాయించుకున్న కాగితాలే బ్లాక్‌మెయిల్‌కు సరుకయ్యాయి. ఆ తర్వాత కూడా అదే ఫారం, అదే ప్రశ్నలు, అదే సంతకం.

నలభై లక్షల మందికి పైగా క్లియరెన్స్ అర్హతతో పనిచేస్తున్న దేశంలో ఇకమీదట చేయాల్సిన పని పెద్ద రహస్యమేమీ కాదు. పౌరుడు కాని మనిషి రాష్ట్ర చట్టానికి లోబడి చేసిన పనిని ఇమిగ్రేషన్ నేరంగా చూడటం కాంగ్రెస్ మానుకోవాలి. ఆ ఒక్క మార్పు రానంతకాలం 23వ భాగం పుట్టుకతో పౌరులైనవాళ్లకు ఒక పరీక్ష, మిగతావాళ్లకు మరో పరీక్ష. ఈలోగా అమెరికాలోని తెలుగు సంఘాలు చేయగలిగింది ఒకటుంది. పన్నుల మీద, వీసాల మీద, కాలేజీ అడ్మిషన్ల మీద ఏటా సదస్సులు పెడుతున్నారు. వాటిలో ఒక గంట ఇమిగ్రేషన్ వకీలుకూ, క్లియరెన్స్ కేసులు వాదించే వకీలుకూ ఇచ్చి, ఆ గదిలో తల్లిదండ్రులను కూడా కూర్చోబెట్టాలి. పిల్లలు ఫారం నింపడానికి ముందు, గంజాయి దుకాణం మెట్లెక్కడానికి ముందు.